గొట్టం కొనే ముందు అతుకు సంగతి చూసుకోండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రిమోట్ కారుకి ఛాసిస్ (అడుగు ఫ్రేము) మీరే కడతామని, ఏ గొట్టం కొనాలో చెప్పమని రాశారు. చదివి ఎంత సంతోషించానో! షాపుకెళ్లి ఏ లోహం అడగాలా అన్నది కాసేపు పక్కన పెట్టండి. అతుకు ఎలా వేస్తారో ముందు తేల్చుకోండి. దాన్నిబట్టే లోహం.

ఒక లెక్క వేసి చూడండి. 6 మి.మీ. నిండు కడ్డీ ఒకటి, 1 మి.మీ. మందం గోడ ఉన్న 6 మి.మీ. గొట్టం ఒకటి. గొట్టం బరువు కడ్డీలో 56 శాతమే, కానీ వంగకుండా నిలిచే దృఢత్వం 80 శాతం ఉంటుంది. వంపును ఎదిరించే పని అంచున ఉన్న లోహానిదే కదా, నడిమధ్యది చాలావరకు వట్టి బరువు. అదే మందంలో 8 మి.మీ. గొట్టం తీసుకుంటే, 6 మి.మీ. గొట్టంతో పోలిస్తే బరువు 1.4 రెట్లు, దృఢత్వం ఏకంగా 2.7 రెట్లు. కాబట్టి గోడ మందం కంటే వ్యాసం పెంచడం మేలు. మరీ పలచటి గోడ మాత్రం వద్దు, గుద్దుకున్నచోట సొట్ట పడుతుంది.

అల్యూమినియం ఉక్కులో మూడో వంతు బరువు, దృఢత్వమూ మూడో వంతే. దానిపై ఆక్సైడ్ పొర వల్ల మామూలు టంకం పట్టదు. టిగ్ వెల్డింగ్ (కరెంటు మెరుపుతో లోహాన్నే కరిగించి అతకడం) చేయిస్తే 6061-టి6 లాంటి, వేడిచేసి గట్టిపరిచిన అల్యూమినియం రకాల్లో అతుకు పక్కన బలం తగ్గుతుంది. బోల్టులతో, క్లాంపులతో బిగిస్తేనే అది తీసుకోండి. మన విశాఖ ఉప్పుగాలికి స్టీలు బోల్టు తగిలినచోట అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయండి, ఆర్.కే. బీచ్‌లో నడిపి వచ్చాక మంచినీళ్లతో తుడవండి.

మొదటి కారుకి నా ఓటు ఇత్తడికే. బరువే, కానీ టంకం హాయిగా పడుతుంది. ఒక గొట్టం కొసను గుండ్రటి ఆకురాయితో రెండోదాని వంపుకి సరిపోయేలా అరగదీసి, సన్నటి రాగి తీగ చుట్టి అప్పుడు టంకం వేయండి. తీగ లేని అతుకు మొదటి పల్టీకే ఊడుతుంది. రేడియో పనులకు వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఈ వేడికి చాలదు, ఇంట్లో పెద్దవాళ్లని పక్కన పెట్టుకుని పెద్దది వాడండి. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే రాగి గొట్టం మెత్తన, ఫ్రేముకి పనికిరాదు.

ఉక్కు కావాలంటే గాజువాక ఆటోనగర్‌లో బ్రేజింగ్ (టంకం లాంటిదే, ఇంకా ఎక్కువ వేడితో ఇత్తడి లాంటి లోహం కరిగించి అతకడం) చేయించండి. జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) మాత్రం వద్దు. కాలిస్తే జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

ఇంకొకటి, ఏ లోహమైనా నాలుగు పలకల ఫ్రేము పక్కకి ఒరుగుతుంది. ప్రతి గడిలో ఒక ఏటవాలు గొట్టం వేసి త్రికోణాలు చేయండి.

కొనకముందే బొమ్మ గీసి, చక్రాల మధ్య దూరాలు, మోటారు, బ్యాటరీ బరువులు రాసి పంపండి. ఏటవాలు ఎక్కడ పడాలో నేను గుర్తుపెట్టి తిప్పి పంపుతాను.

మీ తాతయ్య