స్టీలు బాటిల్ గురించి పిల్లలకు ఒక ఉత్తరం

తిరుపతి

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

బడులు తెరిచే ముందు పాత్రల అంగళ్లలో అందరికంటే ఎక్కువగా మీరే కనిపిస్తారు. రంగు చూసి, మూత మీది బొమ్మ చూసి స్టీలు వాటర్ బాటిల్ ఎంచుకుంటారు. గాంధీ రోడ్డు పక్క సందులో చాలా ఏళ్లు పాత్రల వ్యాపారం చేసినవాడిని కనుక, ఆ బాటిల్ లోపల ఏముందో, అది ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో మీకు వివరంగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ తాతల కాలంలో ప్రయాణానికి మరచెంబు తీసుకుపోయేవారు. ఇత్తడితో చేసిన ఆ చెంబుకు తిప్పి బిగించే మూత, చేత పట్టుకోవడానికి పిడి ఉండేవి. నీళ్లు ఒలికేవి కావు, కానీ లోపల కళాయి అరిగిపోయిన చెంబులో మజ్జిగ పోస్తే చిలుము పట్టేది. అది కడుపులోకి పోతే వాంతులే. అందువల్ల ఏడాదికో రెండేళ్లకో కళాయివాడు వీధిలోకి వచ్చినప్పుడు మళ్లీ పూత వేయించుకోవలసి వచ్చేది. స్టీలుకు ఆ అవసరం లేదు. ఎందుకు లేదో తెలుసుకుంటే దాన్ని ఎలా వాడాలో సగం తెలిసినట్టే.

ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తేనే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించనంత పలుచని పొరగా లోహమంతటా పరుచుకుని, లోపలి ఇనుముకు తేమ తగలకుండా కాపాడుతుంది. మన ఇళ్లలో గిన్నెల మీద పేరు వేయించుకోవడం మామూలే కదా. అంగట్లో కరెంటు సూది టరటరమంటూ అక్షరాలు చెక్కుతున్నప్పుడు ఆ పొర తెగిపోతుంది. అయినా మీ అమ్మమ్మ పెళ్లినాటి పళ్లెం అంచున ఉన్న పేరును ఒకసారి వేలితో తడిమి చూడండి. గరుకుగా ఉంటుందే తప్ప తుప్పు ఉండదు. సూది గీసిన చోట బయటపడిన క్రోమియం వెంటనే గాలిని పట్టి కొత్త పొర కట్టుకుంటుంది. కళాయికి ఈ గుణం లేదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన, త్వరగా అరిగిపోని తుపాకీ గొట్టాల కోసం ప్రయోగాలు చేస్తూ క్రోమియం కలిపిన ఇలాంటి ఉక్కును తయారుచేశారు. తుపాకుల కోసం వెతికితే వంటింటికి దక్కిందన్నమాట.

బాటిల్ అడుగున 304 అనో 18/8 అనో రాసి ఉంటే, అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నట్టు. నికెల్ ఖరీదైనది కనుక దాన్ని తగ్గించి మాంగనీసు కలిపిన 201 వంటి రకాలు కూడా బజారులో ఉన్నాయి. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. ఉప్పు, పులుపు తగిలే కొద్దీ చవక రకానికి మచ్చలు ముందుగా వస్తాయి. అయస్కాంతం అంటుకుంటే నాసిరకమని కొందరు తేల్చేస్తారు. 304 కూడా సాగదీసి వంచిన చోట కొద్దిగా అంటుకుంటుంది, 201 అంటుకోకనూ పోవచ్చు. కాబట్టి ఆ పరీక్షను నమ్ముకోకండి. ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు లైసెన్సు సంఖ్య ఉన్నాయేమో చూడండి. ఆ సంఖ్యను ఇంట్లో పెద్దల ఫోనులో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్ తెరిచి సరిచూసుకోవచ్చు.

ఇక రకాల సంగతి. ఒకే గోడ ఉన్న బాటిల్ తేలికగా ఉంటుంది, ధర తక్కువ. అందులో చల్లటి నీళ్లు పోస్తే బయట చెమట పట్టి, సంచిలో పక్కనున్న పుస్తకాలు తడుస్తాయి. వేడినీళ్లు పోస్తే చెయ్యి కాలుతుంది. రెండు గోడలు ఉన్నదానిలో ఆ గోడల మధ్య గాలిని తోడేసి శూన్యం చేస్తారు. వేడి ఒక చోటి నుంచి మరో చోటికి పోవాలంటే మధ్యలో ఏదో ఒక పదార్థం దాన్ని మోయాలి, లేదా అది కాంతిలాగా కిరణాల రూపంలో దూకాలి. గాలి లేకపోతే మోసేదే లేదు; కిరణాలను నునుపైన లోపలి లోహం చాలావరకు వెనక్కి తిప్పేస్తుంది. 1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త, ద్రవంగా మార్చిన అతిశీతల వాయువులను నిలవ ఉంచడానికి గాజుతో ఇలాంటి పాత్ర చేయించారు. గాజుకు బదులు ఉక్కుతో అటువంటి బాటిల్‌ను అమెరికాలో విలియం స్టాన్లీ అనే విద్యుత్ ఇంజనీరు రూపొందించినది కూడా 1913లోనే.

రెండు గోడలు కలిసేది మెడ దగ్గర మాత్రమే. వేడి గానీ చల్లదనం గానీ జారిపోయేది ఎక్కువగా ఆ మెడ నుంచి, మూత నుంచి. అందువల్ల సగం నింపిన బాటిల్ కంటే నిండుగా పోసినది ఎక్కువసేపు నిలుపుతుంది. చల్లటి నీళ్లు పోసే ముందు కొంచెం చల్లటి నీళ్లతో లోపల తొలిపి పారబోస్తే మరింత మేలు. శూన్యం చెడిపోయిందో లేదో తెలుసుకోవడం చాలా సులువు. పెద్దల చేత వేడినీళ్లు పోయించి, మూత బిగించి, కాసేపాగి పక్కలు తాకి చూడండి. పైన మెడ దగ్గర కొంచెం వెచ్చగా ఉండవచ్చు. నడుము, అడుగు కూడా వేడెక్కితే గోడల మధ్యకు గాలి చేరిందని అర్థం. అప్పుడు అది మామూలు బాటిలే, కాకపోతే బరువైన మామూలు బాటిల్.

బరువు మాట వచ్చింది కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. బడికి ఒకే గోడ బాటిల్ చాలు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. దానికి రెండో గోడ బరువు, పుస్తకాల సంచి బరువు తోడైతే మీ భుజాలు ఏం కావాలి? చల్లటి నీళ్లే కావాలని పట్టుబడితే, నిలవ ఉన్న పాత నూలుగుడ్డతో ఒక తొడుగు కుట్టమని ఇంట్లో అడగండి. రెండు గోడల బాటిల్‌ను మే నెల ఎండల్లో బయట తిరిగే రోజులకు ఉంచుకోండి.

అలిపిరి మెట్లదారిలో కొండెక్కేటప్పుడు కూడా పెద్ద బాటిల్ అవసరం లేదు. సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. అయితే మధ్యలో తాగునీటి కుళాయిలు ఉన్నాయి కనుక ముప్పావు లీటరు పట్టేది తీసుకుని, ఖాళీ అయినప్పుడల్లా నింపుకుంటే సరిపోతుంది. శ్రీవారి మెట్టు దారి దూరం తక్కువ, ఎక్కుడు ఎక్కువ. అక్కడ చేతులు ఖాళీగా ఉండాలి, బాటిల్ వీపున సంచిలో ఉండాలి. పక్క జేబులో వేలాడుతుంటే కోతులు లాగేస్తాయి, అది నిజం. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లను నిషేధించారు. మన బాటిల్ మన దగ్గరుంటే జలప్రసాదం కుళాయిల దగ్గర నింపుకోవచ్చు.

తలకోన సంగతి వేరు. జలపాతం దగ్గరికి అడవిలో నడిచేటప్పుడు అడుగడుగునా కుళాయిలు ఉండవు కాబట్టి ఇంటి దగ్గరే నింపుకుని బయలుదేరాలి. జలపాతం నీళ్లు చూడటానికి అద్దంలా ఉంటాయి, కానీ స్టీలు బాటిల్‌లో పోసినంత మాత్రాన అవి శుభ్రపడవు. రాగికి సూక్ష్మజీవులను చంపే గుణం కొంత ఉంది, స్టీలుకు లేదు. ఒకే గోడ బాటిల్‌ను మూత తీసి నిప్పు మీద పెట్టి నీళ్లు కాచుకోవచ్చని ఎవరైనా చెబితే, మాట నిజమే గానీ శేషాచలం అడవిలో నిప్పు రాజేయడం నేరమని గుర్తుంచుకోండి. రెండు గోడల బాటిల్‌ను ఎక్కడా నిప్పు మీద పెట్టకూడదు, ఫ్రీజర్‌లోనూ పెట్టకూడదు. నిప్పు మీద పెడితే పేలవచ్చు, ఫ్రీజర్‌లో పెడితే ఉబ్బి చెడుతుంది.

ఏం పోయాలన్నది కూడా ముఖ్యమే. నీళ్లు ఎంతసేపున్నా స్టీలుకు హాని లేదు. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం పూటకు మించి ఉంచవద్దు. ఉప్పులోని క్లోరైడు ఆ క్రోమియం పొరను చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. గ్యాసు నింపిన కూల్‌డ్రింకులు పోసి బిగిస్తే మూత ఎగిరి ముఖానికి తగలవచ్చు. వేడి పాలు పోసి సాయంత్రం దాకా ఉంచితే, గోరువెచ్చన అయ్యేసరికి అవి విరిగి, కడుపు నొప్పి తెచ్చిపెడతాయి.

కడగడం దగ్గరే అందరూ తప్పిపోతారు. బాటిల్ లోపల కడిగి, మూతను పైపైన తొలిపి ఊరుకుంటారు. ఒకసారి మూతను తిరగేసి చూడండి. తిప్పి బిగించే చోట లోపల గుండ్రంగా ఒక రబ్బరు వాషరు ఉంటుంది. పిన్నీసు మొన కాకుండా, పుల్ల మొద్దుగా ఉన్న కొసతో దాన్ని పైకి లేపండి. నెల రోజులు తీయకపోతే దాని వెనక గాడిలో నల్లగా, జిగటగా, ముక్కిన వాసనతో ఒక గీత కనిపిస్తుంది, అది బూజు. స్టీలు ఎంత మంచిదైనా మీరు తాగే ప్రతి గుక్కా ఆ గీత పక్కనుంచే వస్తుంది. వారానికి ఒకసారి వాషరు తీసి, సబ్బు నీళ్లలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, ఎండలో కాకుండా నీడన ఆరబెట్టి మళ్లీ బిగించాలి. స్ట్రా ఉన్న మూతలను నేనెప్పుడూ సిఫారసు చేయలేదు, ఆ సన్నటి గొట్టం లోపల ఎవరూ తోమరు కనుక.

మన ఊళ్లలో బోరు నీళ్లు గట్టివి కాబట్టి అడుగున తెల్లటి పొర కడుతుంది. అది సున్నమే, నిమ్మచెక్క పిండిన వేడినీళ్లు రాత్రంతా ఉంచితే కరిగిపోతుంది. ఎర్రటి చుక్కలు కనిపిస్తే వెంటనే బాటిల్‌ను నిందించకండి, నీళ్లలోని ఇనుము కూడా అలాగే పేరుకుంటుంది. వాసన పోవాలంటే వంట సోడా వేసి నానబెట్టండి. ఇనుప పీచు, బ్లీచింగ్ పౌడరు మాత్రం దగ్గరికి రానివ్వవద్దు. పీచు నుంచి విరిగిన ముక్కలు ఇరుక్కుని తుప్పు పడతాయి, బ్లీచింగ్ అసలు పొరనే దెబ్బతీస్తుంది.

కొనేటప్పుడు ఆ మూత, వాషరు విడిగా దొరుకుతాయా అని అంగడివాళ్లను అడగండి. దొరకని బాటిల్ ఎంత అందంగా ఉన్నా వాషరు తెగిన రోజున పనికిరాకుండా పోతుంది. నొక్కు పడితే ఫరవాలేదు, వాడుకోవచ్చు. కానీ రెండు గోడల బాటిల్‌కు అడుగున ఉన్న గుండ్రటి బిళ్ల ఊడిపోతే వాడకం మానేయండి. శూన్యం చేసిన తరువాత రంధ్రం మూయడానికి కొన్ని తయారీల్లో అక్కడ సీసం కలిసిన టంకం వేస్తారు, ఆ బిళ్ల దాన్ని కప్పి ఉంచుతుంది. అలాంటిదాన్ని తమ్ముడికో చెల్లెలికో ఆడుకోవడానికి ఇవ్వకుండా పాత సామాను కొనేవారికి వేసేయండి.

ఇట్లు,
మీ తాతయ్య