ముప్పై నాలుగు జతల చెప్పులు

అమ్మలూ, బాబీ,

నిన్న ఫోన్లో అమ్మలు అడిగినదానికి జవాబు చెప్పకుండా, ఛార్జింగ్ అయిపోతోందని పెట్టేశాను. అబద్ధమే. ఆలోచించుకోడానికి టైం కావాల్సి వచ్చింది. "తాతయ్యా, మన హాల్లో నలుగురం కూర్చుంటేనే మోకాళ్లు తగుల్తాయి కదా, ప్రార్థనకి ముప్పై నలుగురు ఎలా పట్టారు?" అని కదా నీ ప్రశ్న. లెక్క సరైనదే. గుమ్మం బయట చెప్పుల జతలు బాబీ రెండుసార్లు లెక్కపెట్టాడు.

మీరు కుంచం చూసి ఉండరు. ధాన్యం కొలిచే ఇనప పాత్ర అది. నాలుగు మానికలైతే ఒక కుంచం. మా చిన్నప్పుడు కళ్లంలో వడ్లు నిండా పోసి, పక్కన అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే గింజలు సర్దుకుని వేలెడు దిగేవి. ఇంకో గుప్పెడు పట్టేది. మళ్లీ తడితే ఇంకో చారెడు. కుంచం పెరగలేదు, గింజ చిక్కలేదు. గింజకీ గింజకీ మధ్య దాక్కున్న ఖాళీ బయటపడింది, అంతే.

మీ హాలూ అంతే. ఆ బుధవారం వానకి చర్చి ఆవరణంతా నీళ్లు నిలిచిపోయాయి. నాలుగున్నరకి పాస్టర్ గారు ఫోన్ చేసి, "అమ్మా, ఏడింటికి కూటం మీ ఇంట్లో పెట్టుకుందామా?" అన్నారు. "తప్పకుండా రండి అయ్యగారూ" అనేసి, ఆ తర్వాత హాలు వంక చూసింది మీ అమ్మ. సోఫా నిండా ఉతికిన బట్టలు. ఆ మొహంలో టెన్షన్ నేను చూశాను.

ఇక కుదపడం మొదలైంది. టీపాయ్ బాల్కనీలోకి పోయింది. బట్టలన్నీ దుప్పట్లో మూటకట్టి వెనక గదిలో పడేసి గడియ పెట్టారు. (కూటం మధ్యలో ఆ గది తలుపు తీసి అందరికీ చూపించిన మహానుభావుడి పేరు ఇక్కడ రాయను.) మీ నాన్న ఆరు అరలీటరు పాల ప్యాకెట్లు తెచ్చాడు. ఎదురు ఫ్లాట్ ఆంటీ చర్చికి వెళ్లే మనిషి కాదు, మంగళవారం మంగళవారం హనుమంతుడి గుడికి వెళ్తుంది. కుర్చీలూ, టీ కాచడానికి పెద్ద గిన్నే ఇచ్చింది ఆవిడే.

ఇప్పుడు కుంచంలోకి చూడండి. పెద్ద గింజలు, అంటే మోకాళ్ల నొప్పులవాళ్లు, గోడవారగా కుర్చీల్లో. మధ్యలో దుప్పట్ల మీద మిగతావాళ్లు. ఎక్కడ సందుంటే అక్కడ మీలాంటి నూకలు. ఊక గుమ్మం బయటే ఉండిపోయింది, అవే చెప్పులు. వంటింటి గట్టెక్కి కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లని ఏమనాలో తోచక పది నిమిషాలు పెన్ను ఆపాను. రాళ్లందామా? వద్దులే, అందరికీ టీ గ్లాసులు అందించింది వాళ్లే.

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఫోన్లెక్కడివి! రేపల్లె వైపు పల్లె మాది. అయ్యగారు సైకిల్ మీద నాలుగైదు ఊళ్లు తిరిగేవారు. ఓ రోజు పొద్దుగూకే వేళ మా వాకిట్లో సైకిల్ ఆపి, "ఇవాళ మీ ఇంట్లో" అన్నారు. అమ్మ నన్ను పెట్రోమాక్స్ లైటు తెమ్మని పంపింది. వెలిగించి ఇచ్చారు. ఆ వెలిగే మ్యాంటిల్ ఉంది చూశారూ, అది బూడిద గూడు లాంటిది, చిన్న అదురుకే రాలిపోతుంది. నడవమంటే పరిగెత్తాను. గట్టు మీద కాలు జారింది, లైటు ఆరింది. ఏడుస్తూ ఇంటికొచ్చాను. అమ్మ ఒక్క మాటా అనలేదు. "ఎవరి లాంతరు వాళ్లు తెచ్చుకోండి" అని ఊళ్లోకి కబురు పంపింది. వసారా వాసాలకి పదకొండు లాంతర్లు వేలాడాయి. మా ఇంట్లో అంత వెలుతురు నేనెన్నడూ చూళ్లేదు. వాక్యం సగంలో ఉండగా అరుగు చివర నిద్రపోయి కిందకి దొర్లాను.

బైబిల్లో అపొస్తలుల కార్యములు అనే పుస్తకంలో ఐతుకు అనే కుర్రాడు ఉన్నాడు. త్రోయ అనే ఊళ్లో ఒక మేడగదిలో బోలెడు దీపాలు పెట్టుకుని అందరూ కూడుకున్నారు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పే పౌలు గారు అర్ధరాత్రి దాకా చెప్తూనే ఉన్నారు. కిటికీలో కూర్చున్న ఐతుకు కునికి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు గారు దిగివచ్చి కౌగిలించుకుంటే బతికి లేచాడు. మాది పూరిల్లు కాబట్టి నాకు మోచెయ్యి దోక్కుపోవడంతో సరిపోయింది.

ఆ కాలంలో చర్చి భవనాలు ఉండేవి కావు. ఫిలిప్పీలో ఊదారంగు బట్టలమ్మే లూదియ ఇల్లు, యెరూషలేములో మార్కు వాళ్లమ్మ మరియ ఇల్లు, అవే చర్చిలు. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపోస్ అనే పాత పట్నం ఉంది. అక్కడ క్రీ.శ. 240 ప్రాంతంలో ఒక మామూలు ఇంటిని ఆరాధనకి మార్చుకున్నారు. 1930ల్లో తవ్వకాల్లో అది బయటపడింది. రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకే హాలు చేశారట. మీ అమ్మ టీపాయ్‌తో సరిపెట్టింది, అదృష్టవంతులు.

ఒక్క ముసలి మాట చెప్పి వదిలేస్తాను. మా ఊళ్లో ఒక వ్యాపారి రైతు దగ్గర కొనేటప్పుడు కుంచాన్ని కుదిపి కుదిపి కొలిచేవాడు. అమ్మేటప్పుడు తేలిగ్గా పోసి పైన చెయ్యాడించేవాడు. అదే కుంచం! బైబిల్లో లూకా సువార్త ఆరో అధ్యాయంలో యేసు ప్రభువు ఇచ్చే కొలత గురించి చెప్పింది అచ్చం కళ్లం మాటల్లోనే: అణచి, కుదిలించి, దిగజారేట్టు, అంటే నిండి పొర్లేట్టు. "పదిమందైతే పడతారు అయ్యగారూ" అని మీ అమ్మ ఆ రోజు అనగలిగేది. అన్నా తప్పు పట్టేవాళ్లు లేరు, కానీ అనలేదు.

సరే, చదివింది చాలు, వంటింట్లోకి వెళ్లండి. స్టీలు గ్లాసు నిండా బియ్యం పోసి, పైన వేలితో చదును చెయ్యండి. గట్టుకేసి మెల్లగా ఇరవైసార్లు తట్టి, ఎంత దిగిందో చూడండి. మళ్లీ నింపి మళ్లీ తట్టండి. ఇక గింజ కూడా పట్టదు అనిపించాక, అదే గ్లాసులో చెంచాతో నీళ్లు పోస్తూ లెక్కపెట్టండి. పొయ్యకముందే ఎన్ని పడతాయనుకున్నారో కాగితం మీద రాసుకోవాలి, తర్వాత దిద్దకూడదు. బియ్యం పారబొయ్యకుండా అమ్మకివ్వండి, అన్నంలో వేసేస్తుంది.

నేనూ ఇక్కడ పోసి చూశాను. నేను రాసుకున్న అంకె బాగా తప్పింది. మీ అంకె చెప్పాకే నాది చెప్తాను.

మీ
తాతయ్య