కెర్సీ లార్డ్ మీద పడ్డ నింద

ఏఐతో పాటలు కట్టే గొడవ మళ్ళీ రాజుకుంది. రాజుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు 1973 దగ్గరికి వెళ్తారు. వాద్యకారుడు కెర్సీ లార్డ్, మీటలు నొక్కితే కరెంటుతో స్వరాలు పుట్టించే మినీమూగ్ సింథసైజర్‌ను బొంబాయి సినిమా రికార్డింగుల్లోకి తెచ్చిన ఏడాది అది. "మనుషుల కడుపు కొట్టడం అప్పుడే మొదలైంది" అని ఒకరంటారు. "అప్పుడూ ఇలాగే గోల చేశారు, పాట ఆగిపోయిందా?" అని ఇంకొకరంటారు. రెండు వైపులా సాక్షి మాత్రం ఆయనే. 2016 అక్టోబరులో 81 ఏళ్ళకు కన్నుమూసిన మనిషిని ఇన్నిసార్లు బోనెక్కిస్తున్నప్పుడు, అసలు అప్పుడేం జరిగిందో ఒకసారి చూడాలి.

పార్శీ కుటుంబం, పర్కషనిస్టు తండ్రి కావస్ లార్డ్, అదే దారిలో సోదరుడు బుర్జోర్, కుర్రతనంలోనే స్టూడియోలో అడుగుపెట్టడం, ఇవన్నీ చాలామంది రాసినవే. ఇక్కడ కావలసింది ఒక్కటే: కెర్సీ మిషన్లు అమ్ముకునే మనిషి కాదు, చేతులతో వాయించి బతికిన మనిషి. 'హమ్ దోనో'లో 'మై జిందగీ కా సాథ్' పాటలో మెరిసే ఆ సన్నటి గంటల చప్పుడు ఆయన వాయించిన గ్లాకెన్‌స్పీల్ అనే లోహపు పలకల వాద్యానిదే. 'ఆరాధన'లో 'రూప్ తేరా మస్తానా' వింటే మొదట గుర్తుండిపోయే అకార్డియన్ కూడా ఆయనదే. పాటలకు, నేపథ్య సంగీతానికి అరేంజర్‌గా పనిచేసిందీ ఆయనే.

అరేంజర్ అంటే ఎవరో నాలుగు ముక్కల్లో చెప్పాలి, తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది. సంగీత దర్శకుడు హార్మోనియం మీద బాణీ కడతాడు. దానికి ముందు మ్యూజిక్, మధ్యలో బిట్లు, వయొలిన్లు ఎక్కడ లేవాలి, ఎక్కడ తగ్గాలి, ఇవన్నీ కాగితం మీద స్వరాలుగా రాసి ఒక్కో వాద్యకారుడి ముందు పెట్టేది అరేంజర్. బొంబాయిలో ఈ పని ఎక్కువగా గోవా వాళ్ళది. సెబాస్టియన్ డిసౌజా, ఆంథొనీ గొన్సాల్వెస్ లాంటి వాళ్ళు రాసిన కాగితాలు లేకపోతే ఆ పెద్ద ఆర్కెస్ట్రాలు లేవు. డబ్బు మాత్రం ఆ రోజు పనికి ఆ రోజే. రికార్డింగ్ అయిపోయాక పాట ఎంత ఆడినా వాయించినవాడికీ, రాసినవాడికీ మళ్ళీ పైసా లేదు.

ఇలా కూలి లెక్కన బతికే హాల్లోకి మినీమూగ్ వచ్చింది. తోటి వాద్యకారులు నిరసన తెలిపారు. వాళ్ళ భయం చిన్నదేం కాదు. వరసలు వరసలుగా కూర్చునే వయొలిన్ వాళ్ళకు పిలుపొస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇవాళ ఒక పెట్టె వస్తే రేపు పది కుర్చీలు ఖాళీ అవుతాయన్నది వాళ్ళ లెక్క.

కానీ ఆ పెట్టె ఏమిటో కూడా చూడాలి కదా. మినీమూగ్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు మీటలు కలిపి నొక్కినా మోగేది ఒక్కటే. మూడు మీటలు నొక్కి సా-గ-ప కలిపి పట్టడం దాని వల్ల కాదు. వేడెక్కితే శ్రుతి జారిపోయే రకం. అలాంటిది ఇరవై వయొలిన్ల చోటు ఎలా తీసుకుంటుంది? కెర్సీ దాన్ని తెచ్చింది గ్లాకెన్‌స్పీల్ పక్కన పెట్టే ఇంకో రంగు కోసమే అనిపిస్తుంది నాకు. చర్మవాద్యాల నుంచి అకార్డియన్‌కు మారినవాడికి కొత్త చప్పుడంటే ఉండే ఆశే అది. చివరికి మిషన్ తెచ్చినవాడన్న ముద్ర మాత్రం మిగిలిపోయింది.

కుర్చీలు నిజంగా ఖాళీ అవడం మొదలైంది 80ల్లో. 1983లో ఒకేసారి చాలా స్వరాలు పలికే యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చింది, అదే ఏడాది కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడీ పద్ధతీ వచ్చింది. మద్రాసులో 1986 నాటి 'పున్నగై మన్నన్' పాటల్లో ఇళయరాజా కంప్యూటర్ సీక్వెన్సింగ్, అంటే స్వరాల వరసను కంప్యూటర్‌తో వాయించే పద్ధతి, వాడారు. తర్వాత రెహమాన్ అయిన కీబోర్డు కుర్రాడు దిలీప్ మన రాజ్-కోటి దగ్గర కూడా ఏళ్ళ తరబడి వాయించాడు.  కోపం మాత్రం 1973లోనే ఒక మనిషి మీద ఖర్చయిపోయింది.

నన్నడిగితే తప్పిపోయిన మలుపు ఇదే. అప్పుడు అడగాల్సింది "ఎన్ని కుర్చీలు?" అని కాదు, "ఈ పాటలో మా వాటా ఎంత?" అని. 1957 కాపీరైట్ చట్టంలో సంగీత రచన అంటే కాగితం మీదికి ఎక్కిన సంగీతమే. కాగితం మీద రాసేది ఎవరు? అరేంజరే. ఆ మాట పట్టుకుని వాళ్ళు గట్టిగా నిలబడి ఉంటే ఏమయ్యేదో! 1977లో సుప్రీంకోర్టు, స్వరకర్తల, గీత రచయితల హక్కుల సంస్థ ఐపీఆర్ఎస్ కేసులో, వేరే ఒప్పందం లేకపోతే సినిమా కోసం చేసిన పాట మీద హక్కు నిర్మాతదేనంది. దాంతో స్వరకర్తలకే దిక్కు లేకుండా పోయింది, ఇక అరేంజర్ మాట ఎవరెత్తుతారు? 1994 సవరణ కాగితం షరతు తీసేసింది. నొటేషన్ రాసినా రాయకపోయినా బాణీ కట్టినవాడే స్వరకర్త. 2012లో రాయల్టీ హక్కు స్వరకర్తకూ, గీత రచయితకూ తిరిగొచ్చింది. అరేంజర్ అనే మాట మాత్రం అందులో లేదు.

ఇప్పటి గొడవకొస్తే, 'కీడా కోలా' సినిమాలో ఏఐతో బాలు గారి గొంతు పుట్టించారని 2024లో ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. గొంతుకు పేరుంది, అడగడానికి కొడుకున్నాడు. అకార్డియన్ బిట్టునో, గంటల చప్పుడునో ఏఐకి నేర్పిస్తే నోటీసు ఎవరు పంపాలి? వాద్యకారుడిని ప్రదర్శకుడిగా మన చట్టం గుర్తించింది 1994 సవరణతోనే. ఆ హక్కును 1999లో 50 ఏళ్ళకు పెంచారు. 'రూప్ తేరా మస్తానా' పాట ఉన్న 'ఆరాధన' వచ్చింది 1969లో. ఆ హక్కు వెనక్కి కూడా వర్తిస్తుందనుకున్నా, కెర్సీ వాయించిన ఆ బిట్టుకు గడువు 2019తోనే తీరిపోయింది.