పిండి వెనక్కి ఎందుకు లాక్కుంటుంది?

ఇటలీలోని బొలోన్యాలో ఒక పొద్దున. నా ముందు పొడవాటి చెక్కబల్ల, దానిమీద వంద గ్రాముల పిండి, ఒక కోడిగుడ్డు. అంతే. నీళ్ళు లేవు, నూనె లేదు, చిటికెడు ఉప్పయినా లేదు. చేత్తో పాస్తా చెయ్యడం నేర్చుకుందామని డబ్బు కట్టి వచ్చిన మేం అయిదుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

నేర్పే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. పాస్తా రేకు చేత్తో వత్తే ఆడవాళ్ళని అక్కడ స్ఫోల్యీనా అంటారు. వత్తిన రేకు స్ఫోల్య. ఇటాలియన్‌లో ఆకుకి ఉన్న పేరుతో చుట్టరికం ఉన్న మాట అది. పిండి కుప్పగా పోసి, నడుమ గుంట చేసి, అందులో గుడ్డు కొట్టి, ఫోర్కుతో గిలక్కొడుతూ గట్టు లోపలి పిండిని కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. నేను తొందరపడ్డాను. చెరువుకట్ట తెగినట్టు గట్టు తెగి, గుడ్డుసొన బల్ల అంచుదాకా పారింది. ఆవిడ ఏమీ అనకుండా చేతిలోని లోహపు పలకముక్కతో దాన్ని వెనక్కి నెట్టి, నవ్వి, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

పది నిమిషాలు పిసికాను. మన చపాతీ పిండితో పోలిస్తే ఇది రాయి. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. పెంకు తీసిన గుడ్డు యాభై గ్రాములనుకుంటే అందులో ముప్పావు వంతు నీళ్ళే. అంటే వంద గ్రాముల పిండికి ముప్పై ఎనిమిది గ్రాముల లోపు నీళ్ళు. చపాతీలకయితే అరవైకి పైనే పోస్తాం. ఉన్న కాసిని నీళ్ళ కోసం పిండి రేణువులన్నీ పోటీ పడుతున్నాయన్నమాట. చేతులు నొప్పెట్టాక ముద్ద కాస్త నున్నబడింది. ఉత్సాహంగా కర్ర అందుకుని వత్తాను. జానెడు సాగింది. కర్ర తియ్యగానే బెత్తెడుకి వచ్చేసింది. ఇంకా గట్టిగా వత్తాను, ఇంకా మొండిగా ముడుచుకుంది. ఆవిడ వచ్చి నా చేతిలో కర్ర లాక్కుంది. ముద్ద మీద గిన్నె బోర్లించి, గోడ మీది గడియారం చూపించింది. అరగంట.

ఆ అరగంటా కాఫీ తాగుతూ కూర్చున్నాం. మాలో ఒకాయన మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చిన కథ ఎత్తుకున్నాడు. ఆ కథ నిలవదు. మార్కో పోలో తిరిగొచ్చింది 1295లో. అరబ్బు భూగోళవేత్త అల్ ఇద్రీసీ 1154లోనే సిసిలీలోని ట్రాబియా అనే ఊళ్ళో పిండితో పోగులు చేసి ఓడలకెత్తి అమ్ముతున్నారని రాసిపెట్టాడు.

గిన్నె తీసి మళ్ళీ కర్ర పెడితే అదే ముద్ద చెప్పినట్టు సాగింది. ఎవరూ ముట్టుకోలేదు, ఏమీ కలపలేదు. మరి ఆ అరగంటలో గిన్నె కింద ఏం జరిగింది?

ఈ ప్రశ్నకి జవాబు మొదలయ్యేదీ ఆ ఊళ్ళోనే. 1728లో బొలోన్యా వైద్యుడు యాకొపో బార్తొలొమెయో బెక్కారి అక్కడి విద్వత్సభలో ఒక చిన్న ప్రయోగం గురించి చెప్పాడు. అది 1745లో అచ్చయింది. గోధుమపిండి ముద్దని నీళ్ళలో పెట్టి మెల్లగా పిసుకుతూ కడిగాడు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఆ తెలుపు పిండిపదార్థం, అంటే మన గంజిలో ఉండే సరుకే. కడగ్గా కడగ్గా చేతిలో మిగిలింది మాత్రం బూడిదరంగులో, రబ్బరులా సాగే జిగురుముద్ద. ఆ రెంటినీ నిలవ ఉంచి చూశాడు. తెల్లటిది మొక్కల సరుకు లాగే పులిసింది. జిగురుముద్ద మాంసం కుళ్ళినట్టు కుళ్ళింది. గింజలో మాంసం లక్షణమున్న పదార్థమా అని అప్పటివాళ్ళకి పెద్ద ఆశ్చర్యం. 'ప్రోటీన్' అన్న మాట పుట్టడానికి ఇంకా 110 ఏళ్ళుంది మరి. ఆ జిగురే గ్లూటెన్.

పొడిపిండిలో గ్లూటెన్ ఉండదు. దాని ముడిసరుకులు రెండుంటాయి, గ్లూటెనిన్, గ్లయాడిన్ అని. నీళ్ళు తగిలి, చెయ్యి పడితేనే అవి కలిసి గ్లూటెన్ అవుతాయి. గ్లూటెనిన్ పొడుగాటి గొలుసులు. చుట్టలు చుట్టుకుని, ఒకదాన్నొకటి గంధకపు బంధాలతో పట్టుకుని, లాగితే వెనక్కి లాగుతాయి. నా కర్రతో పంతం పట్టింది ఇవే. గ్లయాడిన్ చిన్న ఉండల్లాంటిది. గొలుసుల మధ్య జారుతూ ముద్దని సాగనిస్తుంది. పిసికినకొద్దీ చుట్టలు విప్పుకుని, బిగుసుకుని, వల అల్లుకుంటుంది. ఆ వల కళ్ళలో పిండిపదార్థపు రేణువులు చిక్కుకుంటాయి.

పిసకడం ఆపిన క్షణానికి ఆ గొలుసులన్నీ బిగదీసిన నులకలా ఉంటాయి. వత్తితే వెనక్కి రాక ఏం చేస్తాయి? వదిలేస్తే, వాటి మధ్య బలమైన బంధాలు అలాగే ఉన్నా బలహీనమైనవి తెగి మరోచోట అతుక్కుంటూ పోతాయి. బిగువు నెమ్మదిగా సడలుతుంది. ఈలోగా ఆ ముప్పై ఎనిమిది గ్రాముల నీళ్ళూ రేణువుల లోపలిదాకా ఇంకుతాయి. గిన్నె ఎందుకు బోర్లించిందంటే, పైపొర ఆరిపోతే అక్కడే పగులుతుంది కాబట్టి.

ఇదంతా ఆవిడ చెప్పలేదు. ఆవిడ చెప్పింది ఒకే మాట, దాన్ని విశ్రాంతి తీసుకోనివ్వండి అని. మా అమ్మ బొబ్బట్ల తోపు గురించి అనేది ఇంకో మాట, 'నానాలి' అని. తోపు పిండిని జారుగా కలిపి, పైన నూనె పోసి, పూర్ణం ఉడికి చల్లారేదాకా దాని జోలికెళ్ళనిచ్చేది కాదు. అయ్యిందో లేదో తెలియడానికి అమ్మకో పరీక్ష ఉంది: లాగితే తెగకూడదు, వదిలితే వెనక్కి పోకూడదు. మొదటి సగం గ్లూటెనిన్ వల బలం, రెండో సగం గ్లయాడిన్ సాగుడు, సడలిన బిగువు. ప్రయోగశాలల్లో పిండి బలం కొలిచే యంత్రాలు చేసేదీ ఇంచుమించు ఇదే, లాగి చూడడం.

ఇక ఆ పిండి సంగతి. సంచీ మీద '00' అని ఉంటుంది. అది జిగురు కొలత అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అది బూడిద లెక్క. పిండిని కాల్చేస్తే మిగిలే బూడిద నూటికి 0.55 వంతులు దాటకపోతే ఇటలీ చట్టం ప్రకారం అది 00. ఖనిజాలు ఎక్కువుండేది తవుడులో కనక, బూడిద తక్కువంటే తవుడు బాగా తీసేశారని అర్థం. మన మైదాకి దగ్గరి చుట్టం.

ఉత్తర ఇటలీలో ఎక్కువగా పండేది ఈ మెత్తటి గోధుమే. దాని జిగురు అంత బలమైంది కాదు. ఉత్త నీళ్ళతో కలిపి, పల్చగా వత్తి, మరిగే నీళ్ళలో వేస్తే వల సరిగ్గా ఆగదు, గంజి బయటికి కారి పోగులు మెత్తబడతాయి. అక్కడ గుడ్డు అక్కరకొస్తుంది. పచ్చసొనలోని కొవ్వు ముద్దని మెత్తపరిచి పల్చగా వత్తనిస్తుంది. మరిగే నీళ్ళలో పడగానే గుడ్డు ప్రోటీన్లు గట్టిపడి గ్లూటెన్ వలకి రెండో వలలా ఆసరా ఇస్తాయి. అరవై డిగ్రీల చుట్టుపక్కల పిండి రేణువులు నీళ్ళు తాగి ఉబ్బడం మొదలుపెడతాయి. అవి పగిలి చెదిరేలోపే వల బిగుసుకోవాలి. అంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోయే పందెం.

దక్షిణాన కథ వేరు. అక్కడిది డ్యూరం గోధుమ. గింజ ఎంత గట్టిదంటే మరలో వేస్తే పిండి కన్నా ముందు రవ్వ అవుతుంది. మామూలు గోధుమలో 42 క్రోమోజోములుంటే దీనిలో 28 మాత్రమే. ఎనిమిది పదివేల ఏళ్ళ కిందట డ్యూరం జాతి చుట్టాల్లో ఒకటి ఒక అడవిగడ్డితో కలిసినప్పుడు మామూలు గోధుమ పుట్టింది. రొట్టె పొంగడానికి పనికొచ్చే సాగుడుగుణం చాలావరకు ఆ గడ్డి తెచ్చిన కట్నమే. అది లేని డ్యూరం జిగురు గట్టిగానే ఉంటుంది కానీ వెనక్కి లాక్కోదు. బొటనవేలితో నొక్కితే ఆ సొట్ట అలాగే ఉండిపోతుంది. బారీ నగరం పాతవీధుల్లో ఆడవాళ్ళు ఇళ్ళ ముందు కూర్చుని, కత్తి మొనతో ముద్దని బరికి, వేలిమీద తిరగేసి చిన్న చిన్న చెవుల్లాంటి ఒరెక్కియెత్తె చేసేది ఈ గుణం ఆధారంగానే. గుడ్డు అక్కర్లేదు, రవ్వ, నీళ్ళు చాలు. ఎండబెడితే నెలల తరబడి ఉంటుంది, పది నిమిషాలు ఉడికించినా చెదరదు. ఇటలీలో ఎండు పాస్తాని డ్యూరంతోనే చెయ్యాలని 1967లో చట్టమే చేశారు. గుడ్డు తినని మనవాళ్ళు అటు వెళితే బొలోన్యా కన్నా బారీ క్లాసులే నయం.

మన బొంబాయి రవ్వ ఎక్కువగా మామూలు గోధుమదే. కన్నడ సీమలో దొరికే బన్సీ రవ్వ మాత్రం డ్యూరం. దానితో ఉప్మా చేస్తే పలుకు పలుకుగా ఉండడం ఊరికే కాదు.

ఇటలీ ఉత్తరాది గుడ్డుతో ఒడ్డెక్కింది, దక్షిణాది గింజ గట్టితనంతో. అసలు జిగురే లేని బియ్యప్పిండితో పోగులు తీసినవాళ్ళ సంగతేమిటి? నెల్లూరు, చిత్తూరు వైపు నూలప్పాలు తిన్నవాళ్ళకి తెలుసు. బియ్యప్పిండిలో గ్లూటెన్ చుక్కయినా లేదు. చన్నీళ్ళతో కలిపితే గొట్టంలోంచి పోగు రాదు, ముక్కలు రాలతాయి. అందుకని మరిగే నీళ్ళు పోస్తాం. పిండిపదార్థం కొంత అక్కడికక్కడే ఉడికి బంక అవుతుంది. ప్రోటీన్ చెయ్యాల్సిన పని గంజితో చేయించుకుంటున్నామన్నమాట. అయినా ఆ బంక మరిగే నీళ్ళకి ఆగదు, కాబట్టి నూలప్పాలని నీళ్ళలో వెయ్యం, ఆవిరిమీద పెడతాం. ఈ ఉపాయం ఎవరికి తోచిందో కానీ, నా దృష్టిలో మూడింటిలోనూ తెలివైనది ఇదే.

మళ్ళీ బల్ల దగ్గరికొస్తే, రేకుని ఎత్తి పట్టుకుంటే దానిగుండా కొండమీది సాన్ లూకా గుడి కనిపించాలని బొలోన్యావాళ్ళ మాట. నా రేకులోంచి కిటికీ వెలుతురు మాత్రం కనిపించింది, అదీ ఒక పక్కనే. రేకుని చుట్ట చుట్టి కత్తితో కోస్తే తాల్యతెల్లె. ఎంత వెడల్పు కొయ్యాలన్నదానికీ అక్కడ కొలత ఉంది. 1972 ఏప్రిల్ 16న నోటరీ ముందు రాయించి, బంగారంతో చేసిన నమూనాతో సహా ఊరి వాణిజ్య మండలిలో భద్రపరిచారు. ఉడికిన పోగు వెడల్పు 8 మిల్లీమీటర్లు, లేదా ఆసినెల్లి బురుజు ఎత్తులో 12,270వ వంతు. బురుజు ఎత్తు 97.2 మీటర్లు. భాగించి చూశాను, 7.92 వచ్చింది. వేళాకోళమే అయినా లెక్క తప్పలేదు. ఉడికిన పోగుకి కొలత పెట్టడంలో అర్థముంది. పచ్చిదాన్ని ఒక మిల్లీమీటరు తక్కువగా కొయ్యాలి, మిగతాది రేణువులు ఉబ్బి పూర్తిచేస్తాయి. నా పోగులు అయిదు నుంచి పదమూడు దాకా ఉన్నాయి. సన్నవి చిదికాయి, లావువి పలుకుగా మిగిలాయి. అన్నీ తిన్నాను.

హైదరాబాదు వచ్చాక బెక్కారి పని నేనూ చేశాను. గుప్పెడు మైదా ముద్ద, గుప్పెడు బియ్యప్పిండి ముద్ద, రెండు గిన్నెల నీళ్ళు. బియ్యప్పిండి రెండు నిమిషాల్లో మొత్తం కరిగి చేతులు ఖాళీ అయ్యాయి. మైదా నీళ్ళు నాలుగుసార్లు మార్చాక తేటపడ్డాయి. చేతిలో మిగిలింది మొదటి ముద్దలో పావు వంతు కూడా లేదు, చూయింగ్ గమ్‌లా సాగుతోంది. "పిండంతా నీళ్ళపాలు చేసి ఆ బంక ఏం చేసుకుంటావే?" అంది అమ్మ. పారెయ్యబుద్ధి కాక చిన్న చిన్న ఉండలు చేసి కాగే నూనెలో వేశాను. లోపలి నీళ్ళు ఆవిరై, వల ఆ ఆవిరిని బయటికి పోనివ్వక, పూరీ కన్నా గుండ్రంగా ఉబ్బాయి. అమ్మ ఒకటి కొరికి చూసి, ఉప్పు వెయ్యలేదు అంది.