18 నిండితే పెట్టె సర్దుకోవాల్సిందేనా? హోము వదిలే ఆదివాసీ పిల్లల విషయంలో అపోహలు - వాస్తవాలు

"అక్కా, వచ్చే సోమవారం నాకు 18 నిండుతయి. పెట్టె సర్దుకోమన్నరు. యాడికి పోవాలె?"

ఆదిలాబాద్ ఏజెన్సీలో పిల్లల సంరక్షణ కేసులు చూడబట్టి పన్నెండేళ్లయింది. ఇలాంటి ఫోను రాని ఏడాది లేదు. మొన్న చేసిన పిల్ల ఏడేళ్లప్పుడు కోలాం తెగ గూడెం నుంచి పిల్లల సంరక్షణ హోముకు వచ్చింది. అమ్మ లేదు, నాన్న ఎక్కడున్నాడో తెలియదు. "ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను" అని రాసిన కాగితం మీద ఆమెతో అప్పటికే సంతకం పెట్టించేశారు. ఆ కాగితం చూశాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

అపోహ: 18 నిండితే సర్కారు బాధ్యత తీరిపోయినట్టే.

వాస్తవం: తీరదు. ఎన్నిసార్లయినా చెప్తాను, తీరదు. బాల న్యాయ చట్టం (2015) 46వ సెక్షన్ ఉన్నదే 18 నిండి హోము వదిలేవాళ్ల కోసం. ఆఫ్టర్ కేర్, అంటే హోము వదిలాక అందే ఆసరా, 21 ఏళ్లు వచ్చేదాకా ఇవ్వొచ్చు. ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు పొడిగించొచ్చని 2016 నిబంధనలు చెబుతున్నాయి. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే ఇల్లు, పై చదువుకు స్కాలర్‌షిప్, పని నేర్చుకునే రోజుల్లో స్టైపెండ్, కష్టం చెప్పుకోవడానికి ఒక కౌన్సెలర్, అన్నీ అందులో ఉన్నాయి. పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది.

మరి పిల్లలకు ఎందుకు అందడం లేదంటే, ఇది అడగకుండా రాదు. హోము వదలడానికి రెండు నెలల ముందే కేస్ వర్కరో చైల్డ్ వెల్ఫేర్ ఆఫీసరో ప్లాన్ రాసి సీడబ్ల్యూసీ (జిల్లా బాలల సంక్షేమ కమిటీ) ముందు పెట్టాలి. కమిటీ ఉత్తర్వు ఇస్తే డీసీపీయూలో (జిల్లా బాలల సంరక్షణ విభాగంలో) ఫైలు కదులుతుంది. ప్లాన్ రాసే నాథుడు లేనిచోట "ఫండ్స్ లేవట", "మన జిల్లాకు రాలేదట" అనే మాటలు పుడతాయి. ఆ 'అట'లను నమ్మి బస్టాండులో రాత్రుళ్లు గడిపిన పిల్లలు నాకు తెలుసు. నోటిమాటగా అడగొద్దు, రాసివ్వండి. ఇవ్వం అంటే ఆ ముక్క కూడా కాగితం మీద రాసిమ్మనండి.

కోలాం పిల్ల రాత్రంతా ఏడ్చిందట, సంతకం పెట్టేశాను, ఇంక అయిపోయింది అని. ఆ సంతకంతో అడిగే దారి మూసుకుపోదని చెప్పి, తెల్లకాగితం మీద నాలుగు సంగతులు రాయించాను: పేరు, హోములో ఎన్నేళ్లున్నది, ఏం చదువుతున్నది, ఏం కావాలి. కింద తేదీ. అదే ఆమె దరఖాస్తు.

అపోహ: హోములో పెరిగినవాళ్లకు కులం ఉండదు.

వాస్తవం: పుట్టుకతో వచ్చింది ఎక్కడికీ పోదు. కానీ చూపించడానికి ఆధారం కావాలి. ఎస్టీ సర్టిఫికెట్ లేకపోతే స్కాలర్‌షిప్పూ లేదు, రిజర్వేషనూ లేదు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) సాయమూ లేదు. మా దగ్గర ఒక అబ్బాయి దరఖాస్తును ఒక ఆఫీసులో రెండుసార్లు వెనక్కి పంపారు. ఇంటిపేరు మెస్రం. గోండుల్లో ఆ వంశం దేవుడు నాగోబా. వీడు మాత్రం నాగోబా గుడి ఉన్న కేస్లాపూర్ ఎన్నడూ చూడలేదు, గోండి నాలుగు మాటలు కూడా రావు. పుష్య అమావాస్య జాతరకు నేనే తీసుకెళ్లాను. మర్రిచెట్ల కింద మెస్రం కుటుంబాలు దిగి ఉన్నాయి. వాడి ఫైల్లో తాత పేరున్న పాత రేషన్ కార్డు జిరాక్స్ ఒకటి ఉంటే, ఒక పెద్దాయనకు చూపించాం. అద్దాలు పెట్టుకుని, ఆ పేరు మీద వేలు ఆనించి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా కాక మనుమడు వీడు" అని వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ కుటుంబం సర్టిఫికెట్లు జతచేసి మూడోసారి పెడితే, ఊళ్లో విచారణ జరిగి సర్టిఫికెట్ చేతికొచ్చింది. అందుకే పండక్కి పిల్లల్ని ఊరికి పంపమంటే "చదువు పాడవుతుంది" అనేవాళ్ల మీద నాకు కోపం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చదివినంత మాత్రాన ఆఫ్టర్ కేర్ రాదు, బాల న్యాయ చట్టం కింద హోములో ఉండాలి. ఫోస్టర్ కేర్ అంటే పిల్లను వేరే కుటుంబంలో ఉంచి పెంచడమే, దత్తత కాదు. ఊరికి దూరంగా పెరిగినందుకు నాన్న పొలంలో వాటా పోదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1/70 చట్టం కూడా ఉంది. అయితే హిందూ వారసత్వ చట్టం ఎస్టీలకు వర్తించదు, వాటా తెగ ఆచారం ప్రకారం నడుస్తుంది. కాబట్టి ఆడపిల్లల తరఫున పెద్దలతో ముందే మాట్లాడాలి. ఇక "18 నిండింది కదా, పెళ్లి చేసేస్తే సరి" అనేవాళ్లకు ఒకటే జవాబు: ఆ పిల్లను అడిగారా?

బ్యాంకు ఖాతా సంగతి చాలామంది మర్చిపోతారు. మైనర్‌గా తెరిచిన ఖాతాను 18 నిండగానే సొంత సంతకంతో, కేవైసీతో మార్పించుకోవాలి. లేకపోతే లావాదేవీలు ఆగిపోతాయి, మంజూరైన డబ్బు కూడా చేతికి రాదు. ఆధార్‌లో హోము అడ్రసే ఉంటే దాని సంగతీ అప్పుడే చూసుకోవాలి.

కోలాం పిల్ల కాగితం కమిటీకి చేరింది. ఖాతా పని మీద గురువారం ఇద్దరం బ్యాంకుకు వెళ్తున్నాం.