తుపాకీ లైసెన్సుకూ ఎల్లలుంటాయి: ఆత్మరక్షణ ఆయుధాలపై అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో ఆయుధ లైసెన్సుల దరఖాస్తులు, అప్పీళ్లు, వాటి చుట్టూ పుట్టే క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని నేను. నా దగ్గరికి వచ్చేవారిలో తెలుగువారు చాలామంది ఉంటారు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి కె.ఆర్. పురంలోనో, మారతహళ్లిలోనో స్థిరపడి, భూముల వ్యాపారమో, నగల దుకాణమో, క్వారీయో నడుపుకుంటున్నవారు. వీళ్లలో నేరబుద్ధితో తుపాకీ పట్టినవారు చాలా అరుదు. పద్ధతి ప్రకారం దరఖాస్తు చేసి, పోలీసు విచారణకు నిలబడి, శిక్షణ పూర్తి చేసి లైసెన్సు తెచ్చుకున్నవారే చివరికి ఎఫ్ఐఆర్ కాగితంతో వచ్చి కూర్చుంటున్నారు. ఎలా జరిగిందని అడిగితే దాదాపు అందరి నోటా వచ్చే మాట ఒకటే: “లైసెన్సు ఉంది కదా సార్, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చని చెప్పారు.” ఎవరు చెప్పారని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

అపోహ: లైసెన్సు చేతిలో ఉంటే తుపాకీని దేశంలో ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు.

వాస్తవం: లైసెన్సులో రాసిన ప్రాంతం దాటి తీసుకెళ్లకూడదు. మీ లైసెన్సు తెరిచి చూడండి. ఆయుధం రకం, బోర్ (తుపాకీ గొట్టం లోపలి కొలత), నంబరు, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో రాసిన గడులతోపాటు, లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో తెలిపే గడి ఒకటి ఉంటుంది. అందులో నగరమో, జిల్లాయో, రాష్ట్రమో, దేశమంతా అనో రాసి ఉంటుంది. నా దగ్గరికి వచ్చినవారిలో అత్యధికులు ఆ గడిని కేసు నమోదయ్యాక, నేను వేలు పెట్టి చూపించినప్పుడే మొదటిసారి చదివారు. బోర్ సరిచూసుకుంటారు, నంబరు సరిచూసుకుంటారు, గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకుంటారు, ఆ ఒక్క మాటను మాత్రం వదిలేస్తారు. అక్కడ “కర్ణాటక రాష్ట్రం” అని ఉంటే అత్తిబెలె దాటి హోసూరులో అడుగుపెట్టిన క్షణం నుంచి మీ చేతిలో ఉన్నది ఆ చోటికి చెల్లని లైసెన్సు.

ఈ అపోహ మిగతా నగరాల వారికంటే బెంగళూరులోని తెలుగువారికే ఎక్కువ నష్టం చేయడానికి కారణం ఉంది. మనకు సొంతూరు రాష్ట్రం అవతల ఉంది కానీ మనసులో అది అవతల ఉన్నట్టు ఉండదు. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే రాత్రి భోజనానికి హిందూపురంలోనో, మదనపల్లెలోనో ఉంటాము. బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు, ముళబాగిలు దాటాక నంగలి, ఇవి మనకు కాఫీ తాగే మజిలీలే తప్ప లైసెన్సు చెల్లుబాటు ఆగిపోయే రాష్ట్ర సరిహద్దులుగా కనిపించవు. పైగా ప్రాణభయం ఉండి లైసెన్సు తీసుకున్నవారికి రాత్రి ప్రయాణంలోనే ఆ భయం ఎక్కువ. ఆయుధం ఇంట్లో వదిలి వెళ్లమంటే వారికి అర్థం లేని సలహాగా తోస్తుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది, దాన్ని నేను ఎప్పుడూ తేలిక చేయను. అయితే ఆ భయానికి చట్టంలో దారి ఉంది. ప్రయాణం చేసేవారు ముందుగానే లైసెన్సు ఇచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టి, ఏ ఊరికి, ఎందుకు, ఎంత తరచుగా వెళ్లాలో ఆధారాలతో చూపించి చెల్లుబాటు ప్రాంతాన్ని పెంచమని కోరాలి. అవతలి రాష్ట్రంలో ఉన్న భూమి పత్రాలు, వ్యాపార లావాదేవీలు, అక్కడి స్టేషన్‌లో ఇచ్చిన పాత ఫిర్యాదులు ఉంటే జతచేయాలి. పెంచుతారా లేదా అన్నది అధికారి విచక్షణే. కానీ పెంచేవరకు ఆయుధం ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఉండాలి.

ఒక సంగతి చెబుతాను. నగల వ్యాపారి ఒకాయన, వయసులో పెద్దవారు, కుటుంబంతో తిరుమలకు బయల్దేరారు. ఆయన .32 రివాల్వర్‌ను తువ్వాలులో చుట్టి కారు డాష్‌బోర్డులో పెట్టుకున్నారు. కొండ మీదికి ఎలాగూ తీసుకెళ్లకూడదని ఆయనకు తెలుసు, కింద గదిలో వదిలి వెళ్దామనుకున్నారట. తెల్లవారుజామున నిద్రమత్తులో ఆ సంగతే మరిచి అలిపిరి తనిఖీ దగ్గరికి వెళ్లిపోయారు. తనిఖీ సిబ్బంది తమ పని తాము చేశారు. ఆయన ధైర్యంగా లైసెన్సు తీసి చూపించారు, అది చూపిస్తే సరిపోతుందనే నమ్మకంతోనే. అందులో ప్రాంతం గడిలో కర్ణాటక అని ఉంది. ముందు ఆయుధ చట్టం 25వ సెక్షన్ కింద కేసు పెట్టారు. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్నవారికి ఆ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు శిక్ష. ఇది లైసెన్సు లేకపోవడం కాదనీ, లైసెన్సు షరతును మీరడం మాత్రమేననీ, కాబట్టి 30వ సెక్షన్ వర్తిస్తుందనీ మేము వాదించాము. ఆ సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష 6 నెలలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలాంటి కేసుల్లో వాదన ఎప్పుడూ ఈ రెండు సెక్షన్ల మధ్యే నడుస్తుంది, అది తేలేలోగా మనిషి సగం అయిపోతాడు. ఆయన భార్య ఆ ఉదయం దర్శనం టికెట్లు చేత్తో పట్టుకుని స్టేషన్ వరండాలో కూర్చున్నారని ఆయనే చెప్పి కళ్లు తుడుచుకున్నారు. కేసు ఒక ఎత్తయితే, 17వ సెక్షన్ కింద ఇక్కడ బెంగళూరులో లైసెన్సు రద్దు నోటీసు రావడం మరో ఎత్తు. షరతు మీరితే లైసెన్సును సస్పెండ్ చేయడానికి, రద్దు చేయడానికి అధికారికి ఆ సెక్షన్ అధికారమిస్తుంది. జరిమానా కట్టి బయటపడినవారు కూడా తిరిగి లైసెన్సు సంపాదించుకోలేక అవస్థ పడడం చూస్తున్నాను.

ఇదే అపోహకు రెండో ముఖం కూడా ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు తీసుకున్న లైసెన్సుతోనే ఏళ్ల తరబడి బెంగళూరులో ఉండిపోవడం. నివాసం మారితే పాత అధికారికీ, కొత్త ప్రాంతపు అధికారికీ తెలియజేసి రికార్డులు బదిలీ చేయించుకోవాలి. ఆ గడువు లైసెన్సు షరతుల్లోనే రాసి ఉంటుంది. పాత లైసెన్సు పుస్తకం మీద ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేస్ వారి విశిష్ట గుర్తింపు సంఖ్య, అంటే యూఐఎన్, లేకపోతే అది ఇప్పుడు లైసెన్సే కాదు.

తుపాకీ నడుముకు కనిపించేలా పెట్టుకుంటే భయపడి ఎవరూ దగ్గరికి రారని కొందరి నమ్మకం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో రివాల్వర్ గానీ పిస్టల్ గానీ హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో, పూర్తిగా కప్పి ఉండాలి, మోసే మనిషి అదుపులో ఉండాలి. చొక్కా పైకెత్తి చూపించడం, బల్ల మీద పెట్టి బేరమాడడం లైసెన్సు పోగొట్టుకునే పనులు. జాతర్లకు, మతపరమైన ఊరేగింపులకు, సభలకు, విద్యాసంస్థల ఆవరణలోకి తీసుకెళ్లకూడదన్నది కూడా షరతే. పెళ్లిలో గాల్లోకి కాల్చడం ఎదుటివారి ప్రాణానికో, భద్రతకో ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

డ్రైవర్ చేతికి ఇవ్వడం గురించి చాలామంది అడుగుతారు. యజమాని సమక్షంలో గానీ, రాతపూర్వక అనుమతితో గానీ, మరమ్మతుకో, రెన్యువల్‌కో, యజమాని వాడకం కోసమో ఇంకొకరు మోయవచ్చని 3వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. యజమాని ఇంట్లో నిద్రపోతుంటే డ్రైవర్ కారులో తుపాకీతో తిరగడం ఆ మినహాయింపులోకి రాదు. అప్పుడు డ్రైవర్ మీద పడేది అదే 25వ సెక్షన్. నెల జీతగాణ్ణి అంత కష్టంలోకి నెట్టకండి.

అపోహ: నాన్న తుపాకీ, నాన్న పోయాక నాదే.

వాస్తవం: ఇల్లు, పొలం వారసత్వంగా వస్తాయి. తుపాకీ మీద ఆస్తి హక్కు వచ్చినా దాన్ని ఉంచుకునే హక్కు రాదు. లైసెన్సుదారు మరణించాక ఆ ఆయుధాన్ని 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుల్లో ఒకరు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. తండ్రి బతికుండగానే చేసే దారి కూడా ఉంది: ఆయనకు 70 ఏళ్లు నిండినా, లేదా ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, తన వారసుల్లో ఒకరిని సూచించవచ్చు. కర్మకాండల హడావిడిలో ఇనప్పెట్టెలో ఏముందో ఎవరికీ గుర్తుండదు, నిజమే. పెద్దకర్మ అయ్యాక దాన్ని కారులో వేసుకుని బెంగళూరు తెచ్చుకున్న కొడుకులను చూశాను. అక్కడ 30వ సెక్షన్ అని వాదించడానికి కూడా చోటు లేదు, ఎందుకంటే ఆ కొడుకు పేరిట లైసెన్సే లేదు.

ఇక ఏ తుపాకీ కొనాలి అన్న ప్రశ్న. సినిమాలు చూసి 9 ఎంఎం పిస్టల్ కావాలనేవారికి నా సమాధానం చిన్నది. అది నిషిద్ధ బోర్, సాధారణ పౌరుడికి దొరకదు. ప్రాణానికి తీవ్రమైన ముప్పు ఉన్నవారి దరఖాస్తులు వేరే స్థాయిలో, వేరే కొలమానాలతో పరిశీలిస్తారు. మామూలుగా దొరికేది .32 రివాల్వర్ లేదా పిస్టల్, కొద్దిమందికి .22. కాన్పూర్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన నిర్భీక్ అనే .32 రివాల్వర్ అర కిలో బరువు ఉంటుంది, స్త్రీల కోసమని ప్రచారం చేశారు. బరువు తగ్గితే కాల్చినప్పుడు చేతికి తగిలే కుదుపు పెరుగుతుందన్న సంగతి ఆ ప్రచారంలో వినిపించలేదు. విదేశీ తుపాకుల దిగుమతి వ్యక్తులకు 1980ల మధ్య నుంచి ఆగిపోయింది కాబట్టి మార్కెట్లో ఉన్న విదేశీవి చేతులు మారుతున్న పాతవే, ధరలు మాత్రం కొత్తవాటికి మించి ఉంటాయి. నన్నడిగితే, మొదటిసారి కొనేవారికి రివాల్వరే మేలు. తూటాలు ఉన్నాయా లేవా అన్నది సిలిండర్ తీయగానే కంటికి కనిపిస్తుంది. పిస్టల్‌లో మ్యాగజైన్ (తూటాల అర) తీసేశాక కూడా ఛాంబర్‌లో, అంటే కాల్చడానికి తూటా కూర్చునే చోట, ఒక తూటా మిగిలి ఉండవచ్చు, ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. శిక్షణ ధ్రువపత్రం ఎలాగూ తప్పనిసరి, దాన్ని డబ్బుతో తెచ్చుకునే కాగితంగా చూడకండి. ఒక మనిషి పేరిట 2 ఆయుధాలకు మించి ఉండకూడదన్నది కూడా 2019 సవరణే.

కాల్చే హక్కు గురించి రెండు మాటలు. ఇంట్లోకి దొంగ వస్తే కాల్చేయవచ్చని అనుకునేవారు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఒకసారి చదవాలి. ఆత్మరక్షణ హక్కు నిజమైనదే, గట్టిదే. ప్రాణహాని జరుగుతుందన్న సహేతుకమైన భయం ఉన్నప్పుడు అది ఎదుటివారి ప్రాణం తీసేవరకూ వెళ్తుంది. కానీ పోలీసుల సాయం కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు పుట్టదనీ, అవసరానికి మించి హాని చేయరాదనీ 37వ సెక్షన్ చెబుతుంది. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చినవారిని కాపాడడం ఏ న్యాయవాదికైనా కష్టమే. పెప్పర్ స్ప్రేకు ఈ హద్దులు వర్తించవనుకోవడం కూడా పొరపాటు. దాన్ని వాడిన ఒక కేసును కొట్టివేయడానికి కర్ణాటక హైకోర్టు 2024లో నిరాకరించింది.

విమానాశ్రయం సంగతి: దేవనహళ్లిలో చాలాసార్లు పట్టుబడేది తుపాకీ కాదు, సంచి అడుగున పడి ఉన్న ఒకే ఒక తూటా. తూటా ఉందన్న ఎరుక లేకుండా సంచిలో మిగిలిపోయిందని రుజువైతే కోర్టులు కేసు కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి. అయినా ఆ రోజు విమానం మాత్రం పోతుంది. ఆయుధం మోసిన సంచిని ప్రయాణాలకు వాడకండి.

దరఖాస్తు తిరస్కరిస్తే కుంగిపోనక్కర్లేదు. పోలీసు నివేదికకు 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు అని నిబంధనల్లో ఉంది. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించరాదు, ఆయుధ చట్టం 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. నా అనుభవంలో తిరస్కరణకు ప్రధాన కారణం బెదిరింపు లేకపోవడం కాదు, బెదిరింపుకు కాగితం లేకపోవడం. బెదిరింపు ఫోన్ వచ్చిన రోజే 112కు చేసి, తర్వాత స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకుని, ఫోన్ నంబరు, సమయం, విన్న మాటలు విన్నట్టుగా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. లైసెన్సు అధికారి ముందైనా, అప్పీలులోనైనా మొదట అడిగేది ఆ రసీదులే.