క్రూయిజ్‌లో జలపాతం ఎక్కాలా వద్దా? ఒక ఫిజియోథెరపిస్టు చెప్పే అపోహలు, వాస్తవాలు

వేసవి మొదలైందంటే బెజవాడలో మా క్లినిక్‌కి ఒక రకం పేషెంట్లు పెరుగుతారు. అమెరికా టికెట్లు చేతికొచ్చినవాళ్లు. కూతురి పురిటికో, మనవడి పుట్టినరోజుకో వెళ్తూ, పన్లో పనిగా మోకాళ్లు ఒకసారి చూపించుకుని పోదామని వస్తారు. ఈమధ్య వాళ్ల నోట క్రూయిజ్ అనే మాట కూడా బాగా వినిపిస్తోంది. పిల్లలు ఫ్లోరిడాలో బయల్దేరే కరేబియన్ ఓడకి అందరికీ టికెట్లు తీసేస్తారు. ఓడ జమైకాలో ఆగిన రోజుకి డన్స్ రివర్ ఫాల్స్ ఎక్కే టూర్ కూడా కలిపేస్తారు. "ఇది ఎక్కగలనా డాక్టర్ గారూ?" అని ఫోన్‌లో వీడియో చూపించి అడిగేవాళ్లు తక్కువ. "అక్కడికెళ్లాక చూసుకుందాంలే" అనేవాళ్లే ఎక్కువ. నా టెన్షన్ అంతా ఈ రెండో రకం వాళ్లతోనే. అక్కడికెళ్లాక మోకాళ్లను ఎవరూ అడగరు. మనవళ్లు "తాతయ్యా రా" అంటారు, వెనక లైన్ నెడుతుంది, అంతే, నీళ్లలో దిగిపోతారు.

ముందు ఆ చోటు సంగతి. మన ఎత్తిపోతల సుమారు 70 అడుగులు. వ్యూ పాయింట్ దగ్గర నిలబడి చూసి, ఫోటో దిగి, వచ్చేస్తాం. జమైకా ఉత్తర తీరంలో ఓచో రియోస్ పక్కన ఉన్న ఈ జలపాతం ఎత్తు దాదాపు 180 అడుగులు. ఒక్కసారిగా దూకదు. 600 అడుగుల పొడవున అంచెలంచెలుగా దిగి నేరుగా సముద్రంలో కలుస్తుంది. నీళ్లలో కరిగిన సున్నం పేరుకుని రాయిగా మారి ఆ అంచెలు ఏర్పడ్డాయి. జనం ఆ అంచెల మీదుగా, పారే నీళ్లలోనే, కింది నుంచి పైకి ఎక్కుతారు. సుమారు గంట నుంచి గంటన్నర పడుతుంది.

అపోహ: "అలిపిరి నడిచి ఎక్కినవాణ్ణి, ఇదొక లెక్కా?"

వారానికి ఒకరైనా ఈ మాట అంటారు. కొందరు అలిపిరి బదులు మంగళగిరి కొండో, ఇంద్రకీలాద్రో చెబుతారు.

అలిపిరి మెట్లు 3,550. అవి ఎక్కినవాళ్లకు గుండె, ఊపిరి, ఓపిక గట్టివని ఒప్పుకుంటాను. కానీ జలపాతం అడిగే పరీక్ష వేరు. మెట్ల దారిలో పది మెట్లు దాటేసరికి కాలికి లెక్క అలవాటైపోతుంది, గోవింద నామాలు చెప్పుకుంటూ పోవచ్చు. ఇక్కడ ఒక అంచు జానెడు, దాని పైది మోకాలెత్తు, ఆ తర్వాతది పక్కకి కాలు చాపితే గానీ అందదు. మన ఇళ్లలో మెట్టు ఆరేడు అంగుళాలు. మెట్టు ఎత్తు పెరిగేకొద్దీ మోకాలు ఎక్కువ మడతపడాలి, చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఒంటి బరువంతా ఒక్క కాలి మీద పైకి లాగాలంటే తొడ ముందు కండరంతో పాటు పిరుదు కండరం కూడా గట్టిగా ఉండాలి. రోజూ గంటసేపు వాకింగ్ చేసేవాళ్లలో కూడా ఈ రెండోది నీరసంగా ఉండటం నేను తరచూ చూస్తుంటాను. చదును నేల మీద నడిస్తే ఊపిరికి మంచిదే గానీ, దానికి అంత పని పడదు.

ఇక కళ్ల సంగతి. మనం పడిపోకుండా నిలబడటానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ. నురగలు కక్కే నీళ్లలో పాదం ఎక్కడ పడుతోందో కనిపించదు. అంటే కళ్ల సాయం సగం పోయినట్టే. బైఫోకల్ అద్దాలవాళ్లకు ఇంకో ఇబ్బంది. కిందికి చూస్తే చదువుకునే అద్దంలోంచి చూడాలి కాబట్టి పాదం దగ్గరున్న అంచు మసకగా కనిపిస్తుంది. మామూలు మెట్ల మీదే ఇలా తడబడేవాళ్లు చాలామంది.

పారే నీళ్లు కాళ్లను తోస్తాయి కూడా. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. అందుకే లోతు తక్కువ కదా అని ధీమా పనికిరాదు.

వీడియోల్లో కనిపించని విషయం ఇంకొకటి. లోపలికి వెళ్లే దారి పై వైపు ఉంటుంది. ముందు పక్క మెట్ల మీదుగా సముద్రపు ఒడ్డుకి దిగాలి, ఆ తర్వాతే ఎక్కడం. అరిగిన మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టమని నొప్పి ఉన్న ఎవర్ని అడిగినా చెబుతారు. అంటే అసలు పని మొదలయ్యేసరికే మోకాళ్లు కొంత అలిసిపోయి ఉంటాయి. ఓడ ఓచో రియోస్‌లో కాకుండా ఫాల్‌మత్ రేవులో ఆగితే ఇంకో గంటకు పైగా బస్సులో కూర్చోవాలి. బిగుసుకుపోయిన కీళ్లతో దిగి వెంటనే మెట్లు.

అపోహ: "అరవై దాటినవాళ్లకే రిస్కు, కుర్రాళ్లకేం కాదు."

వయసు కాదు, కాళ్లు చూడాలి. పొలం పనులు చేసి పెరిగిన 66 ఏళ్ల తెనాలి రైతుకి నేను సరే అంటాను. రోజంతా కుర్చీలో కూర్చునే, నడుం నొప్పి ఉన్న 38 ఏళ్ల కొడుక్కి కాస్త ఆలోచించమంటాను. తాతగారి సంగతి అడగడానికి వచ్చిన కొడుకులు ఈ మాటకి నవ్వేస్తారు గానీ, తమ సంగతి అడగరు.

ఇంట్లో చూసుకోవడానికి మూడు పరీక్షలు చెబుతాను. పక్కన ఒకరు నిలబడి ఉండగానే చేయండి.

మొదటిది. చేతుల్లేని మామూలు కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. 15 సెకన్ల కన్నా ఎక్కువ పడితే కాళ్లలో బలం చాలదు, పడిపోయే అవకాశం ఎక్కువ అని మా లెక్క.

రెండోది. వంటగట్టు పక్కన, పట్టుకోకుండా, ఒంటికాలి మీద నిలబడాలి. కళ్లు తెరిచి ఉండగానే 5 సెకన్లు ఆగలేకపోతే ఇక జలపాతం మాట ఎత్తొద్దు. హాయిగా ఆగగలిగితే కళ్లు మూసి చూడండి. నీళ్లలో పాదం కనిపించనప్పుడు ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. మీ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర రెయిలింగ్ మీద చెయ్యి ఆనించీ ఆనించకుండా, రెండేసి మెట్లు ఒక్క అడుగులో ఎక్కాలి. ఒక్కో కాలితో పదిసార్లు. మోకాలు లోపలికి వాలిపోతోందా? రెయిలింగ్‌ని లాగి ఎక్కుతున్నారా? మర్నాడు పొద్దున మోకాలు వాచిందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి అవునన్నా, టికెట్ల కన్నా ముందు ఎక్సర్‌సైజులు మొదలుపెట్టాలి. కండరం బలపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వచ్చి "ఏదో ఒకటి చేయండి" అంటే మా దగ్గర మంత్రం లేదు.

అపోహ: "చేతులు పట్టుకుని దండలా ఎక్కిస్తారు, పడే ప్రశ్నే లేదు."

గైడు ముందుండి, టూర్‌లో ఉన్నవాళ్లందర్నీ చేయీ చేయీ పట్టించి వరసగా ఎక్కించడం అక్కడ మామూలే. చూడ్డానికి భద్రంగా అనిపిస్తుంది. ఎక్కడ కాలు పెట్టాలో గైడుకి తెలుసు, అది నిజంగా పెద్ద సాయం.

కానీ జారినప్పుడు మనిషి మొదట చేసే పని చెయ్యి చాపి దేన్నైనా పట్టుకోవడం. రెండు చేతులూ పక్కవాళ్ల దగ్గర ఉంటే ఆ అవకాశం పోతుంది. పక్కాయన జారితే ఆయన బరువు మీ భుజం మీద పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోయే జబ్బు, అదే ఫ్రోజెన్ షోల్డర్, మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువ. అలాంటి భుజాన్ని ఎవరైనా ఒక్కసారి గుంజితే నెలల తరబడి చెయ్యి పైకి లేవదు. నా సలహా: మొహమాటపడకుండా దండలోంచి చెయ్యి విడిపించుకోండి. గైడుకి దగ్గరగా, రెండు చేతులూ రాయికి ఆనేలా, అవసరమైతే నాలుగు కాళ్ల మీద పాకుతూ ఎక్కండి. ఫోటోలో బాగోదు, అంతే.

అపోహ: "మోకాలు మార్పించుకున్నాం కదా, ఇక ఏదైనా చేయొచ్చు."

మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్లు గుంటూరు, విజయవాడల్లో ఇప్పుడు వీధికొకరు కనిపిస్తారు. ఆపరేషన్ బాగా జరిగితే నొప్పి పోతుంది. నడక, మెట్లు, ప్రయాణాలు అన్నీ చేయొచ్చు. జలపాతం మాత్రం వద్దనే అంటాను. పడితే ఇబ్బంది కొత్త కీలుతో కాదు, దాన్ని పట్టుకుని ఉన్న ఎముకతో. లోహం చివర దగ్గర ఎముక విరిగితే సరిచేయడం మామూలుగా విరిగిన ఎముక కన్నా కష్టం. పైగా ఊరు కాని ఊళ్లో. మీ సర్జన్ గారు "నార్మల్‌గా ఉండొచ్చు" అన్నారంటే ఆయన మనసులో ఉన్నది బెంజ్ సర్కిల్ దాకా నడక, కరేబియన్ జలపాతం కాదు. వీడియో ఆయనకే చూపించి అడగండి.

అపోహ: "నీక్యాప్ వేసుకుని, ముందుగా ఒక నొప్పి బిళ్ల మింగితే సరి."

తడిస్తే ఎలాస్టిక్ నీక్యాప్ కిందికి జారిపోతుంది. జారకపోయినా అది ఇచ్చేది ధైర్యమే, బలం కాదు.

నొప్పి బిళ్ల సంగతి ఇంకా చెడ్డది. కాలు ఎక్కడ ఆపుకోవాలో చెప్పేది నొప్పే. దాని నోరు మూయించి ఎక్కితే రాత్రి ఓడ గదిలో తెలుస్తుంది. బీపీకి కొన్ని రకాల మందులు, వాటితో పాటు నీరు పోయే బిళ్ల వాడేవాళ్లు, ఎండలో సరిగ్గా నీళ్లు తాగకుండా దాని మీద నొప్పి బిళ్ల వేస్తే కిడ్నీలకి దెబ్బ. మందుల విషయం మీ ఫిజీషియన్‌ని అడగాల్సిందే, నన్ను కాదు.

అపోహ: "షుగర్, బీపీ కంట్రోల్‌లోనే ఉన్నాయి."

రిపోర్టులో అంకె బాగుండటం వేరు, పాదంలో స్పర్శ ఉండటం వేరు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, వాళ్లకే తెలియదు. మేం సన్నటి నైలాన్ పోగుతో అరికాలు తాకి చూస్తాం. తాకినట్టు తెలియలేదంటే రాయి కోసుకున్నా తెలియదు, రాయి మీద పట్టు దొరికిందో లేదో కూడా తెలియదు. ఈ పరీక్షకి ఐదు నిమిషాలు చాలు. స్టెంట్ వేసుకుని రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు చిన్న దెబ్బకే ఒళ్లు బాగా కమిలిపోతుంది, తలకి తగిలితే ప్రమాదం. మగవాళ్లలో ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మందులు వంగి లేచినప్పుడు కళ్లు తిరిగేలా చేస్తాయి. ఈ మాట ఎవరూ తమంతట తాము చెప్పరు, నేనే అడగాల్సి వస్తుంది.

అపోహ: "చెప్పులు గట్టివే, చాలు."

చాలవు. వెనక పట్టీ లేని ఏ చెప్పయినా నీళ్లు లాక్కుపోతాయి. రబ్బరు అడుగు ఉన్న వాటర్ షూ కావాలి. అద్దెకి అక్కడ దొరుకుతాయి గానీ, సైజు సరిపోని షూతో ఎక్కడం కన్నా ముందే కొనుక్కుని ఇంట్లో నాలుగు రోజులు తొడిగి చూసుకోవడం మేలు. ఆడవాళ్లకు రెండు మాటలు. తడి షూలో మెట్టెలు ఒరుసుకుని వేళ్ల మధ్య పుండు పడుతుంది. గాజు గాజులు రాయికి తగిలితే మణికట్టు తెగుతుంది. ఆ ఒక్క పూటకి తీసి గదిలో లాకర్‌లో పెట్టండి. అత్తగారు ఏమంటారో అని కోడలు, కోడలు ఏమంటుందో అని అత్తగారు మొహమాటపడటం చూశాను.

అపోహ: "డబ్బు కట్టేశాం, మొదలుపెట్టాక పైదాకా వెళ్లాల్సిందే."

అక్కర్లేదు. జలపాతం పక్కనే పొడి మెట్లు ఉన్నాయి. మధ్యలో కొన్నిచోట్ల నీళ్లలోంచి బయటికొచ్చి ఆ మెట్ల మీదికి వెళ్లిపోవచ్చు. రైలింగ్ పట్టుకుని వాటి మీదే నడుస్తూ, మనవళ్లు ఎక్కుతుంటే ఫోటోలు తీయొచ్చు. ఎక్కేవాళ్లు ఫోన్ తడవకుండా తీయలేరు కాబట్టి ఆ పని చేసేవాళ్లకి గిరాకీ కూడా. వానల తర్వాత ప్రవాహం పెరిగితే ఆ రోజుకి ఎవరూ ఎక్కకపోవడమే మంచిది.

అసలు ఆ టూరే వద్దనుకుంటే ఓచో రియోస్‌లో మిస్టిక్ మౌంటెన్ మీదికి కుర్చీలిఫ్ట్ ఉంది. ఫాల్‌మత్ దగ్గర మార్తా బ్రే నదిలో ఇద్దరేసి కూర్చునే వెదురు తెప్పలున్నాయి, తెప్పవాడు గడ వేసి నడుపుతాడు. మోకాళ్లకి అదే సుఖం. ఓడవాళ్ల టూర్ల పేజీలో ప్రతి టూర్ పక్కనా ఎంత శ్రమో రాసి ఉంటుంది. పిల్లలు బుక్ చేసేముందు ఆ ఒక్క లైను చదివితే సగం గొడవ ఉండదు.

టైమ్ విషయం కూడా ఒకటుంది. జమైకాలో వేసవికి గడియారం మార్చరు, ఫ్లోరిడాలో మారుస్తారు. ఓడ ఫ్లోరిడా టైమ్‌నే పాటిస్తే, జమైకా టైమ్‌కి మారిపోయిన ఫోన్ ఒక గంట తక్కువ చూపిస్తుంది. ఓడవాళ్ల టూర్‌లో వెళ్తే ఆలస్యమైనా మీకోసం ఆగుతారు, బయట టాక్సీ మాట్లాడుకుంటే ఆగరు. కంగారుగా తడి మెట్ల మీద పరుగెత్తడం జలపాతం కన్నా ప్రమాదం, కాబట్టి చేతికి ఓడ టైమ్ పెట్టిన గడియారం కట్టుకోండి.

ప్రయాణానికి రెండు నెలల ముందు వచ్చేవాళ్లు మందుల చీటీ, పాత ఎక్స్‌రేలు, ఆ టూర్ పేజీ స్క్రీన్‌షాట్ తెచ్చుకోండి. వీలైతే బుక్ చేసిన అబ్బాయినో అమ్మాయినో వీడియో కాల్‌లో ఉంచండి. వాళ్లకి విడిగా మళ్లీ చెప్పాల్సిన పని తప్పుతుంది.